దొరగారు చప్పట్లు కొట్టేదాకా

ఆ శనివారం పొద్దున ఓటీలియా తలపెట్టిన పనులు మూడే. మధ్యాహ్నం ఉండలు చేయడానికి బంగాళాదుంపలు తురమడం, కుట్టుపని పూర్తయిన రెండు మూటలనూ ఎవరివి వాళ్ళకు అప్పగించడం, సాయంత్రం నాటకానికి వెళ్ళి మొగుడికి చప్పట్లు పడతాయో లేదో చూడడం. మొదటి రెండూ ఆమె చేతిలో పనులు. మూడోది మాత్రం దొరగారి చేతుల్లో ఉంది. మాటవరసకు కాదు, నిజంగానే ఆయన రెండు చేతుల్లోనూ ఉంది.

ఆల్టెన్‌రోడ నాటకశాలలో తెర పడ్డాక ముందు దొరగారు పైఅంతస్తులో తనకంటూ ఉన్న బాక్సులోంచి చప్పట్లు కొట్టాలి, ఆ తర్వాతే జనం కొట్టాలి. తాతల నాటి నుంచీ అంతే. యుద్ధం ఓడిపోయి దేశంలోని రాజులందరూ వరసగా గద్దెలు దిగినప్పుడు లోటార్ దొరగారూ దిగారు. కొత్త ప్రభుత్వం కోటనూ అడవినీ తీసుకుని, ఆయనకు మూడు గదులూ నాటకశాలలో ఆ బాక్సూ వదిలిపెట్టింది. దొరగారు గదుల్లో ఉన్నారు గానీ బాక్సులోకి మళ్ళీ అడుగు పెట్టలేదు. అప్పటినుంచీ తెర పడగానే జనం తలెత్తి ఖాళీ బాక్సు వంక చూస్తారు, కాసేపు ఆగుతారు, టోపీలు తీసుకుని మర్యాదగా ఇళ్ళకు పోతారు. మూడేళ్ళుగా ఆ ఊళ్ళో ఏ నటుడికీ ఒక్క చప్పట పడలేదు.

ఓటీలియా మొగుడు బాల్టజార్ అక్కడ ముఖ్య నటుడు. చప్పట్లు లేక మనిషి నానాటికీ చిక్కిపోతున్నాడు. దానికి తోడు నగరసభ వారు, ఈ నాటకం కూడా జనానికి నచ్చకపోతే శాలను బంగాళాదుంపల గోదాముగా మార్చేస్తామని తేల్చి చెప్పారు. అదే జరిగితే బాల్టజార్ బావమరిది బొత్తాల కార్ఖానాలో చేరాలి. బావమరిది ఆ మాట ప్రతి ఆదివారం భోజనాల దగ్గర గుర్తు చేస్తూనే ఉన్నాడు. అందుకే బాల్టజార్ స్వయంగా వెళ్ళి దొరగారిని బతిమాలి వచ్చాడు.

"వస్తానన్నారా?" అని అడిగింది ఓటీలియా దుంపలు తురుముతూ.

"వస్తానన్నారు. నాటకం దేని గురించని అడిగారు."

"మీరేమన్నారు?"

"ఒక రాజు గురించన్నాను."

"ఎలాంటి రాజని అడగలేదా?"

"అడిగారు. మంచి కోటు వేసుకున్న రాజు అన్నాను."

ఓటీలియా తురుము పీట పక్కన పెట్టి నెత్తి కొట్టుకుంది. నాటకంలో రాజు గద్దె దిగినవాడు. తాను చావుకు పంపినవాళ్ళందరూ నీడలై వెంటపడుతుంటే అడవిలో పరుగెత్తి, చివరికి తన కోటు మీద పడిన వాళ్ళ చేతిముద్రలు చూసుకుని కుప్పకూలతాడు. బెర్లిన్ నుంచి వచ్చిన కుర్ర దర్శకుడు ఫింక్ దాన్ని ఆడించే తీరు ఊరికి కొత్త. ఆయన లెక్కలో లోకంలో నిటారుగా ఏదీ ఉండకూడదు. ఇళ్ళు వాలిపోయాయి, తలుపులు మెలికలు తిరిగాయి, చంద్రుడికి మూడు మూలలున్నాయి. దీపాలు వేసే నీడలను నమ్మక, నేల మీద నల్లరంగుతో నీడలు వేయించాడు. మనుషులు మాట్లాడరు, అరుస్తారు.

నవ్వుకుందామనే ఓటీలియా ఒకసారి రిహార్సలుకు వెళ్ళింది. ఇంట్లో తన మేజోళ్ళు తనకు కనిపించని మొగుడు, అక్కడ నేల మీది రంగు నీడను తొక్కడానికి వణికిపోవడం చూసింది. నవ్వు రాలేదు. ఆ నీడ కదిలినట్టే అనిపించింది ఆమెకు. ఈ మనిషికా బొత్తాల కార్ఖానా అనుకుంది.

కోటు పని ఆమెకే వచ్చింది. కోటలో పాతబడిన బట్టలు నాటకశాలకు ఇచ్చేయడం వాడుక కాబట్టి, రాజు వేషానికి ఉన్నదీ దొరగారి పాత నీలం కోటే. దాన్ని చింపి, ఒక భుజం ఎత్తి, ఒక చెయ్యి పొడవు చేసి, నిండా ఎర్రటి చేతిముద్రలు వేయమన్నాడు ఫింక్.

"అన్నీ ఒకే చేతివి అయితే కుదరదమ్మా. చచ్చినవాళ్ళవి, రకరకాల చేతులు కావాలి."

"చచ్చినవాళ్ళవి దొరకవు బాబూ. ఇరుగుపొరుగువి వేయిస్తాను."

వీధిలో ఆడవాళ్ళందరూ వంటింట్లో చేరి, కాఫీ అనబడే వేయించిన చికోరీ వేళ్ళ కషాయం కాసిని తాగి, రంగులో చేతులు ముంచి ఇకఇకలాడుతూ ముద్రలు వేశారు. "రాజు వీపు మీద ఒకటిచ్చుకునే యోగం మళ్ళీ వస్తుందటే!" అంది చిటికెన వేలు లేని అగాథ. రొట్టెల దుకాణం క్రెసెల్ పిన్ని మాత్రం సరిగ్గా గుండె దగ్గర అద్ది, చెయ్యి తీసి, మళ్ళీ రంగులో ముంచింది.

"ఒకటి చాలు పిన్నీ."

"నాకు ఇద్దరు కదే" అంది పిన్ని. నవ్వుతూనే అంది. దొరగారు పంపగా యుద్ధానికి వెళ్ళిన ఆమె కొడుకుల్లో ఒక్కడూ తిరిగి రాలేదు.

రెండో మూటలో ఉన్నది దొరగారు ఇప్పుడు వేసుకునే నీలం కోటు. చిమ్మెటలు కొట్టేసిన లోపలి అస్తరు మార్చమని కోట నుంచి పంపారు. రెండూ ఒకే దర్జీ కుట్టినవి. రెండు మూటలూ ఒకలాంటి దుప్పటి ముక్కల్లోనే కట్టి బల్ల మీద పెట్టి, "కుడివైపుది కోటకండీ" అని మొగుడికి చెప్పి, ఓటీలియా చక్కెర కోసం వరసలో నిలబడడానికి వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే దొరగారి ముసలి సేవకుడు వెండెలీన్ వచ్చాడు. బాల్టజార్ అప్పటికే రాజై గదిలో పచార్లు చేస్తున్నాడు.

"అయ్యా, కోటు..." అన్నాడు వెండెలీన్.

"కోటా! నా పాపాల కోటా!" అని గర్జించి, ఎడమవైపు మూటను రెండు చేతులా ఎత్తి ఇచ్చాడు బాల్టజార్. "తీసుకుపో! నా కంటికి కనిపించనీకు!"

వెండెలీన్ జీవితమంతా కోటలో గడిపినవాడు. అరుపులు ఆయనకు కొత్త కాదు. వంగి దండం పెట్టి మూట తీసుకుపోయాడు.

సాయంత్రం నాటకశాలలో రెండో మూట విప్పితే కర్పూరం వాసనతో, మిలమిలలాడే వెండి బొత్తాలతో, ఒక్క చిరుగూ లేని కోటు బయటపడింది. ఫింక్ జుట్టు పీక్కున్నాడు.

"నా రాజు మెరుస్తున్నాడు! మెరిసేవాడికి పశ్చాత్తాపం ఏమిటమ్మా! కత్తెర తెండి!"

"కత్తెర ముట్టుకున్నారంటే మీ వేళ్ళే కత్తిరిస్తాను" అంది ఓటీలియా. "ఆయనకున్నది ఇదొక్కటే." అంటూనే ఆమెకు దొరగారి ఇంటికి చేరిన మూట గుర్తొచ్చింది. అవమానం తట్టుకోలేక ఆయన రాకపోతే చప్పట్లు లేవు. చప్పట్లు లేకపోతే బొత్తాలు. చౌరస్తా దాటి కోటకు పరుగెత్తింది.

వెండెలీన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"దొరగారు మూట విప్పారా తాతా?"

"విప్పారమ్మా. చాలాసేపు చూశారు. ఆ ముద్రల మీద ఒక్కోదాని మీదా తన చెయ్యి పెట్టి చూసుకున్నారు. ఎవరు పంపారన్నారు. ఓటీలియమ్మ అన్నాను. ఊళ్ళో తల్లులందరి తరఫునా అని అడిగారు. చిత్తం ప్రభూ అన్నాను."

"అయ్యో, ఎందుకన్నావు?"

"దొరగారితో కాదు అనడం నాకు నేర్పలేదమ్మా. ఇది వేసుకుని రమ్మన్నారా అన్నారు. చిత్తం ప్రభూ అన్నాను."

"ఇప్పుడెక్కడున్నారు?"

"వేసుకుని వెళ్ళారు."

కోటలోంచి బాక్సుకు లోపలి దారి ఉంది. ఓటీలియా తిరిగి వచ్చేసరికి దీపాలు ఆరిపోయాయి, తెర లేచింది. క్రెసెల్ పిన్ని పక్కన కూలబడి, తలెత్తి బాక్సు వంక చూసే ధైర్యం లేక స్టేజీ వంకే చూసింది.

బాల్టజార్ ఆ రోజు ఆడినట్టు ఎన్నడూ ఆడలేదు. చిరుగుల్లేని కోటులో, మెరిసే బొత్తాలతో, మూడు మూలల చంద్రుడి కింద పరుగెత్తాడు. ఏమీ లేని ఛాతీని చూసుకుని "ఈ చేతులు! ఈ చేతులు!" అని అరిచాడు. మిగతావాళ్ళకు కనబడనిది ఆయన ఒక్కడికే కనబడుతోందని జనం ఊపిరి బిగబట్టారు. ఓటీలియా మొగుణ్ణి మరిచిపోయింది, కోటును మరిచిపోయింది, బొత్తాల కార్ఖానాను కూడా మరిచిపోయింది. రాజు కూలిపోయాడు. తెర పడింది. దీపాలు వెలిగాయి.

ఊరు ఊరంతా అలవాటు ప్రకారం తలెత్తి బాక్సు వంక చూసింది.

దొరగారు లేచి నిలబడి ఉన్నారు. ఒక భుజం పైకి, ఒక చెయ్యి పొడవుగా, చిరిగిన నీలం కోటు నిండా ఎర్రటి చేతులు. ముఖం తడిసి ఉంది. అగాథ తన చిటికెన వేలు లేని ముద్రను గుర్తుపట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వరసల నిండా ఆడవాళ్ళు తమ తమ చేతులను పోల్చుకున్నారు. ఎవరూ కదలలేదు. దొరగారు చప్పట్లు కొట్టలేదు. ఎవరికీ ఎప్పుడూ వంగని ఆ తలను జనం వైపు వంచి, అలాగే ఉండిపోయారు.

ఓటీలియాకు రిహార్సలు గుర్తొచ్చింది. నేల మీద రంగుతో వేసిన నీడలు చూసే భయపడింది తను. ఇక్కడ నిజం మనిషి, నిజం నీడ.

క్రెసెల్ పిన్ని లేచి నిలబడింది. తన అరచేతిని ఒకసారి చూసుకుంది. ఇక ఆ చేతిని ఏం చేయాలో తెలియనట్టు రెండోదానితో కలిపి కొట్టింది. ఒక్కటే చప్పుడు. మళ్ళీ కొట్టింది. దొరగారు కొట్టకుండా చప్పట్లు పడడం ఆ ఊరు పుట్టాక అదే మొదలు. ముందు అగాథ, తర్వాత వెనక వరసలు, ఆ తర్వాత శాల శాలంతా, అందరూ తెరకు వీపు పెట్టి, బాక్సు వైపు తిరిగి కొట్టారు.

చప్పుడు విని తెర ఎత్తించారు. కళ్ళలో దీపాలు కొడుతుంటే బాల్టజార్‌కు ఎవరు ఎటు తిరిగారో కనబడలేదు, మోత మాత్రం వినబడింది. వంగి దండం పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. పెడుతూనే ఉన్నాడు.

మర్నాటికి నగరసభ వారు గోదాము మాట ఎత్తడం మానేశారు. పైన ఒక రాజు, కింద ఒక రాజు అన్న ఆలోచన తనకు మొదటినుంచీ ఉన్నదేనని ఫింక్ పత్రికవాళ్ళకు చెప్పాడు. మంచి కోటు నాటకశాలకే ఉంచుకోమని, తనకు ఈ కోటే చాలని దొరగారు కబురు పంపారు.

భోజనానికి వచ్చిన బావమరిది బొత్తాల ఊసెత్తలేదు. బాల్టజార్ బంగాళాదుంప ఉండలు మూడోసారి వడ్డించుకున్నాడు.

"విన్నావు కదూ ఓటీ? దొరగారు కొట్టకముందే కొట్టారు! ఎందుకంటావు?"

"విన్నానండీ."

"ఎవరికోసం కొట్టారంటావు?"

ఒక ఊరికి గద్దె దిగిన రాజు ఒక్కడు చాలనుకుని, ఓటీలియా ఆయన ఉండల మీద ఇంకాస్త పులుసు పోసింది.