వెనక సీట్లో మామగారు

ఉత్తరాది ప్రయాణం చివరి రోజు పొద్దున పళ్ళ డాక్టరు కిటికీ తెర లాగి, "మబ్బు లేదు!" అని పెట్టిన కేకకి పక్కగదిలో ఎవరి పసిబిడ్డో లేచి ఏడ్చింది.

"నిజంగానా?" అంది భార్య, దుప్పటి ముసుగు తీయకుండానే.

నిజంగానే లేదు. వారం రోజులుగా వాళ్ళు ఏ కొండెక్కితే ఆ కొండకి వాళ్ళకంటే ముందే చేరి తిష్ఠ వేసిన మబ్బు, ఆ రోజుకి సెలవు పెట్టినట్టుంది. అద్దె కారులో తిరిగి తిరిగి సరస్సులు చూశారు, జలపాతాలు చూశారు, గొర్రెల మందలు రోడ్డు దాటడం విసుగొచ్చేదాకా చూశారు. దేనికోసం అంత దూరం వచ్చారో ఆ మంచుకొండ మాత్రం గోరంత కూడా కనబడలేదు.

మంచుకొండ మామగారి కోరిక. ఆయన ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా ఒకే రూటులో గడిపిన మనిషి. రిటైరైన రోజున "మీకేం కావాలి మామయ్యగారూ?" అని అడిగితే, కాసేపు చొక్కా గుండీ సవరించుకుని, "మంచుకొండ ఒక్కసారి చూడాలని ఉందయ్యా" అన్నారు. "నేను చూపిస్తా!" అని డాక్టరు పదిమంది ముందు మాటిచ్చేశాడు. మాట సంగతి అలా ఉంచితే, ఆయన నోట ఒక్కసారైనా మెప్పు వినాలని డాక్టరుకి పెళ్ళయిననాటి నుంచీ ఉంది. ఇప్పటిదాకా ఆయన నోట విన్నవన్నీ బండి తోలడంలో తప్పులే.

అందుకే ఆ పొద్దున డాక్టరు గాల్లో తేలుతున్నాడు. కొండ మీది వ్యూ పాయింటుకి వెళ్ళడం, మామగారికి శిఖరం చూపించడం, మధ్యాహ్నానికి దిగి సాయంత్రం కారు అప్పగించి రైలెక్కడం. ఇంత సులువైన పథకం ఈ లోకంలో ఇంకోటి లేదనిపించింది.

హోటలు పెరట్లోనే దానికి మొదటి దెబ్బ తగిలింది.

మామగారు కారుని కూడా బస్సుగానే చూసేవారు. బయల్దేరేటప్పుడల్లా వెనక నిలబడి "రానీ... రానీ... హోల్డాన్!" అని రివర్సు చేయించి, అరచేత్తో డిక్కీ మీద రెండు దెబ్బలు కొట్టేవారు. కారు నాలుగడుగులు ముందుకెళ్ళి ఆగితే, అప్పుడు నడిచొచ్చి వెనక సీట్లో ఎక్కేవారు. వారం రోజుల్లో డాక్టరు కాళ్ళకి ఆ రెండు దెబ్బలు బాగా అలవాటైపోయాయి. చెవులకి మాత్రం ఆయన కేకలు అలవాటు కాలేదు. ఆ కంగారులోనే ఆ పొద్దున ఒక పూలకుండీ పగిలింది.

"ఎడమకి కొట్టమన్నానా లేదా?" అన్నారు మామగారు.

"మామయ్యగారూ, ఇది బస్సు కాదండీ!" అన్నాడు డాక్టరు. అనగానే నాలుక్కరుచుకున్నాడు.

మామగారు మంకీ క్యాపు చెవుల మీదికి లాక్కున్నారు. "సరే. ఈ రోజు నేను నోరు విప్పితే ఒట్టు" అని వెనక సీట్లో కూర్చున్నారు. అక్కడ ఆయనకీ ముందు సీట్లకీ మధ్య, కూతురు కొన్న ఉన్ని దుప్పట్లు కారు కప్పుదాకా గోడ కట్టి ఉన్నాయి. డాక్టరుకి అద్దంలో ఆయన కాదు గదా, ఆయన టోపీ కుచ్చు కూడా కనబడలేదు.

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగారు. అక్కడ పసుపు టోపీలు పెట్టుకున్న యాత్రికుల బస్సొకటి ఆగి ఉంది. మామగారు కాళ్ళు సాగదీసుకోవడానికి దిగారు. పెట్రోలు పోసినతను కొండ వైపు చెయ్యి చూపించి, "త్వరగా వెళ్ళండి సార్, ఇప్పుడు అద్దంలా కనిపిస్తోంది. కాసేపాగితే మళ్ళీ మూసేస్తుంది" అన్నాడు.

డాక్టరు ఒక్క గంతులో సీట్లో పడ్డాడు. మామగారు నోరు విప్పనన్నారు గానీ చేతుల మీద ఒట్టు పెట్టుకోలేదు. డిక్కీ మీద రెండు దెబ్బలు పడ్డాయి. కారు నాలుగడుగులు వెళ్ళి ఆగింది. భార్య తలుపులో ఇరుక్కున్న చీరకొంగు లాక్కుని ధన్‌మని తలుపు వేసింది. మామగారు ఎక్కారనుకున్నాడు డాక్టరు. కారు బాణంలా దూసుకుపోయింది.

"నాన్నా, ఆ లోయ చూశావా? ఎంత బాగుందో!" అంది భార్య.

దుప్పట్ల వెనక నుంచి జవాబు లేదు.

"ఇంకా అలకేనండీ. మీరే ఏదో ఒకటి చెప్పండి" అని ఆమె గుసగుసలాడింది.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "మామయ్యగారూ, తప్పు నాదే. మీరు ఎడమకే కొట్టమన్నారు. నేనే కంగారుపడ్డాను..." అని మొదలుపెట్టి, పెళ్ళినాటి సంగతుల దాకా వెళ్ళాడు. తను మొదటిసారి వాళ్ళింటికొచ్చినప్పుడు ఆయన్ని చూసి ఎంత భయపడ్డాడో చెప్పాడు. ఆయనంటే తనకెంత గౌరవమో కూడా చెప్పాడు. అవతల నుంచి చప్పుడు లేకపోవడం అతనికి వింతగా తోచలేదు. నోట్లో దూది పెట్టించుకుని బదులు చెప్పలేని వాళ్ళతో గంటలకొద్దీ మాట్లాడటమే అతని వృత్తి.

భార్య కళ్ళు తుడుచుకుంది. కమలాపండు తొనలు ఒలిచి, దుప్పట్ల పక్క సందులోంచి చెయ్యి చాపింది. తొనలు ఎవరూ అందుకోలేదు. "ఇంత చెప్పినా కరగకపోతే ఎలా నాన్నా?" అంటూ పై దుప్పటి పక్కకి లాగింది.

వెనక సీట్లో ఒక ఫ్లాస్కు ఉంది.

"నాన్నేరీ?"

డాక్టరు బ్రేకు తొక్కాడు. సరిగ్గా ఆ మలుపులోనే చెట్ల మీదుగా మంచుకొండ అంచు వెండిలా మెరిసింది. దాన్ని చూసే తీరిక ఆ కారులో ఎవరికీ లేదు. "ఫోన్ చెయ్యండి!" అంది భార్య. చేశాడు. దారి చూపించడం కోసమని మామగారి దగ్గర తీసుకున్న ఫోను, అతని ముందే స్టాండులో మోగింది.

కారు వెనక్కి తిప్పారు. దిగే దారిలో పసుపు టోపీల బస్సు ఎదురైంది. ఎవరో పెద్దాయన పసుపు టోపీ పెట్టుకుని, ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ, రెండు చేతులూ ఊపినంత పని చేస్తూ ఏదో అరుస్తున్నాడు.

"ఈ వయసులో ఎంత హుషారో చూడు!" అన్నాడు డాక్టరు. మర్యాదకి తనూ చెయ్యి ఊపాడు. భార్య రోడ్డు పక్క రాళ్ళ మీద తండ్రి కోసం వెతుకుతోంది.

బంకు దగ్గర మామగారు లేరు. ఆయన బదులు ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఆమెని చూడగానే డాక్టరు తెలియకుండానే చొక్కా సర్దుకున్నాడు.

"మా బస్సు నన్ను వదిలేసి పోయింది బాబూ. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి లేదు. ఈ బంకు అబ్బాయి అంతా చూశాడట. గైడు తలకాయలు లెక్కపెట్టాడట, సరిపోయిందట! ఎవరో మంకీ క్యాపు ఆయన, 'మా కారు ముందు పోతోంది, పట్టుకోవాలి' అని ఎక్కి నా సీట్లో కూర్చున్నాడట. సీట్లో ఉన్న నా పసుపు టోపీ కూడా ఆయన నెత్తిన పెట్టారట!"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డాక్టరు తన చేతిని, ఇందాక ఊపిన చేతిని, చూసుకున్నాడు.

"ఆయన మా నాన్నగారండీ" అంది భార్య నీరసంగా.

"అయితే పదండి, మార్చుకుందాం" అని హెడ్‌మిస్ట్రెస్ ఫ్లాస్కూ దుప్పట్లూ పక్కకి జరిపి వెనక సీట్లో కూర్చుంది.

దారి పొడుగునా డాక్టరుకి పాఠాలే. మలుపులో హారన్ కొట్టలేదని ఒకసారి, రెండు చేతులతో పట్టుకోలేదని ఒకసారి ఆమె గొడుగు మొనతో సీటు వెనక పొడిచింది. వారం రోజులు మామగారి దగ్గర పడ్డవన్నీ అప్పుడు అతనికి ముద్దుగా అనిపించాయి. ఎదురుగా శిఖరం చుట్టూ మబ్బు పోగవుతోంది. "ఒక్క పది నిమిషాలు ఆగవే తల్లీ!" అని మబ్బుని బతిమాలుకుంటూ యాక్సిలరేటరు తొక్కాడు.

వ్యూ పాయింటుకి చేరేసరికి మొత్తం మూసుకుపోయింది. కొండ ఉండాల్సిన చోట తెల్లగోడ ఉంది. పసుపు టోపీలన్నీ వరసలో నిలబడి ఉన్నాయి. వాటి ముందు మామగారు అటూ ఇటూ తిరుగుతున్నారు.

కూతురు పరుగెత్తి ఆయన్ని పట్టుకుంది. హెడ్‌మిస్ట్రెస్‌ని చూసి గైడు గుడ్లు తేలేశాడు. "లెక్క సరిపోయిందే!"

"నన్నెందుకు లెక్కలో కలిపావయ్యా? నేను స్టాఫ్‌ని కదా!" అన్నారు మామగారు. మంకీ క్యాపు మీది పసుపు టోపీ తీసి వినయంగా ఆమెకిచ్చారు.

డాక్టరు దగ్గరికొచ్చాడు. కొండ తను చూపించకపోయినా ఆయన చూశారు, అదే చాలు అని గుండె రాయి చేసుకున్నాడు. "బాగా కనిపించిందా మామయ్యగారూ?"

"ఏది?"

"కొండండీ!"

"కనిపించిందట. వీళ్ళంతా అరిచారు. నేను ఇటు తిరిగి ఉన్నా. మీ కారు వస్తుందేమోనని రోడ్డు వంకే చూస్తూ నిలబడ్డా." ఆయన అల్లుణ్ణి పైనుంచి కిందిదాకా ఓసారి చూసుకున్నారు. "కిందికి పోతుంటే అంత అరిచినా ఆగలేదు, పైగా చెయ్యూపావు! నీకేమైందోనని భయపడి చచ్చాననుకో."

డాక్టరుకి ఏడుపు ముంచుకొచ్చింది. మంచుకొండ కోసం ఇంత దూరం వచ్చిన మనిషి, అది ఎదురుగా నిలబడితే వీపు తిప్పుకుని తన కోసం చూశాడు! మామగారు అతని భుజం తట్టి, "పద, రైలు తప్పిపోతుంది" అన్నారు.

ముగ్గురూ కారు దగ్గరికి నడిచారు. అప్పటికే బస్సు కూడా బయల్దేరడానికి స్టార్టు అయింది. చోటు ఇరుకు. డాక్టరు రివర్సు గేరు వేశాడు. మామగారు ఎప్పట్లాగే వెనక నిలబడ్డారు.

"రానీ... రానీ... ఎడమకి..."

డాక్టరు ఎడమకే కొట్టాడు. కొట్టి అద్దంలోకి చూశాడు. మామగారి తల వెనక తెల్లగోడ రెండుగా చీలింది. అందులోంచి, మెడ ఎత్తితే గానీ అందనంత పైన, ఎండలో ధగధగలాడుతూ మంచుకొండ బయటికొచ్చింది.

"మామయ్యగారూ! వెనక్కి తిరగండి!"

"వెనక నేను చూసుకుంటాగా! నువ్వు తిప్పు!"

"కొండండీ! కొండ!"

"బండి కదులుతుండగా తల తిప్పకూడదయ్యా! రానీ..."

డాక్టరు కారు రోడ్డుకి అడ్డంగా ఉన్నచోటే ఇంజను ఆపేశాడు. హ్యాండ్‌బ్రేకు లాగాడు. తాళం ఊడబీకి కిటికీలోంచి ఊపుతూ, "ఆగిపోయింది! ఇక కదలదు! దయచేసి తిరగండి!" అని అరిచాడు.

అప్పుడు తిరిగారు మామగారు.

చేతులు జోడించబోయి, ఊరుకుని, మంకీ క్యాపు తీసి గుండెకి అదుముకున్నారు. కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. డాక్టరు కారు దిగి రెండో పక్క నిలబడ్డాడు. చలికి ముక్కు కారుతోందో ఏడుపు వస్తోందో అతనికే తెలియలేదు. ఆనందం మాత్రం పట్టలేనంతగా ఉంది.

"ఇంత మనిషి, వారం రోజులు ఎక్కడ దాక్కుందయ్యా?" అన్నారు మామగారు చివరికి. తర్వాత కొండ మీంచి చూపు తిప్పకుండానే, "బాగా ఆపావు అల్లుడూ. సరైన చోట ఆపావు" అన్నారు.

వెనక బస్సు డ్రైవరు దారివ్వమని హారన్ మీద హారన్ కొడుతున్నాడు. జీవితంలో ఒక్క ట్రిప్పు కూడా లేటు చేయని మామగారు అతని దగ్గరికి నడిచివెళ్ళి, బస్సన్నాక ఆలస్యం కాకుండా ఎలా ఉంటుందని నాలుగు చీవాట్లు పెట్టి వచ్చారు.