ఏటి ఫోటో

ఆ పొద్దున సారంగపాణి పెట్టుకున్న పని చాలా చిన్నది. తిరుచానూరు అవతల స్వర్ణముఖి గట్టున ఒక మైలు నడవాలి, రీలులో ఉన్న పన్నెండు ఫోటోలూ ఏటివే తీయాలి, ఆఫీసు వేళకు ఇల్లు చేరాలి. మూడేళ్ళ కరువు తర్వాత ఏటికి నీళ్ళొచ్చాయి. పక్షవాతంతో రెండేళ్ళుగా మంచం మీదున్న భార్య కోమలవల్లి ఆ మాట విని, "ఒక్కసారి చూడాలనుందండీ" అంది. ఆమెను మోసుకుపోలేడు. నీళ్ళు వారంలో ఇంకిపోతాయి. అందుకని ఆఫీసులో సంపత్కుమార్ కాళ్ళావేళ్ళా పడి కెమెరా అడిగి తెచ్చుకున్నాడు.

గట్టు మలుపులో ఒక శవం, చుట్టూ ముప్పై మంది. కుప్పమ్మ అనే ముసలమ్మను కాల్చడానికి తెచ్చారు. పెద్దకొడుకు మునెయ్య ఫోటో స్టూడియోకు మనిషిని పంపి ఎదురు చూస్తున్నాడు. కెమెరా చూడగానే పరుగున వచ్చాడు.

"ఫోటోకేనా సామీ వచ్చింది?"

"ఏటి ఫోటోకప్పా."

"ఆ, దానికే గదా పిలిపించింది! ఏటికి పటం ముందర పెట్టాల గదా!"

ఏరన్నా ఏటే, ఏడన్నా ఏటే. సారంగపాణి చెప్పింది స్వర్ణముఖి సంగతి, మునెయ్య విన్నది తల్లి ఏడాది తద్దినం సంగతి. "కాదప్పా, నేను..." అనేలోపు మునెయ్య అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "మా యమ్మకు బతుకులో ఒక్క ఫోటో లేదు సామీ."

ఎందుకుంటుంది? డెబ్భై ఏళ్ళు చాకిరీ చేయించుకున్నారు గాని, ఆ మొహంలోకి ఒక్కడూ నిదానంగా చూసిన పాపాన పోలేదు. కాల్చే గంటకు అందరికీ ప్రేమ పుట్టుకొచ్చింది. సారంగపాణికి ఒళ్ళు మండింది. అయినా ఆ కన్నీళ్ళు చూసి కాదనలేకపోయాడు. ఒక్కటే గదా అనుకున్నాడు.

శవాన్ని ఏటికి వీపు పెట్టి కూర్చోబెట్టారు. ఒకటి తీశాడు. తమ్ముడు చిన్నబ్బ అడ్డం వచ్చాడు.

"వాడు పక్కనుంటే నాకొద్దు. నాకు వేరే తియ్యి సామీ."

"ఐదేండ్లు అమ్మ గడప తొక్కనోడికి ఫోటో ఎందుకురా?"

"నువ్వు తొక్కినావులే! నీ పెండ్లాం ఏ పొద్దన్నా గంజి పోసిందా?"

చిన్నబ్బకు వేరే తీశాడు. కూతురు రుక్మిణమ్మ తనకొకటి కావాలంది. అందులో అల్లుడి చెయ్యి అడ్డమొచ్చిందని మళ్ళీ ఒకటి. శవం తల వాలిందని ఒకటి. అట్లా పదకొండయ్యాయి. సారంగపాణి చటుక్కున ఏటివైపు తిరిగి కెమెరా ఎత్తాడు.

"సామీ, సామీ! అమ్మ నోరు తెరుసుకున్యాది. ఇంగొక్కటి!"

పన్నెండోదీ కుప్పమ్మకే పోయింది. మైల కదా, కెమెరా గట్టున పెట్టి ఏట్లో మునిగి, తడిబట్టలతో ఇల్లు చేరాడు.

"అంత లోతుగా పారుతోందా అండీ?" అని మురిసిపోయింది కోమలవల్లి. అతను పెరట్లోకి పోయి పంచె పిండుకున్నాడు.

వారం తర్వాత స్టూడియోవాడు కవరు చేతిలో పెట్టి, "ఎండకెదురుగా తీసినావు సామీ. మనుషులంతా బొగ్గయిపోయినారు" అన్నాడు. నిజమే, మనుషులంతా ఒకటే నల్లముద్ద. వాళ్ళ వెనక స్వర్ణముఖి మాత్రం పన్నెండింటిలోనూ ఒడ్డు నుంచి ఒడ్డుకు తళతళలాడుతోంది. అప్పటికి ఏట్లో మళ్ళీ ఇసుకే. కోమలవల్లి కదిలే చేత్తో ఆ నీళ్ళను తడిమి తడిమి ఏడ్చింది.

ఆ సాయంత్రం అన్నదమ్ములు ఇల్లు కనుక్కుని వచ్చారు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక కలిసే వచ్చారు. ఫోటోలను వెలుగుకు పట్టి చూశారు.

"ఇదో, అమ్మ!"

"అది నువ్వు గదన్నా."

ఐదేళ్ళ తర్వాత చిన్నబ్బ నోట అన్నా అన్న మాట వచ్చింది. పదకొండు ఫోటోలు మంచం మీద పెట్టేశారు. "ఇవి నువ్వే పెట్టుకో తల్లీ. వీటిల్లో మా యమ్మ లేదు."

పన్నెండోదాన్ని మునెయ్య వదల్లేదు. అంచున ఒదిగి ఉన్న చిన్న నలుపు మీద వేలు పెట్టాడు. "ఇదే. ఇట్లనే ముడుసుకోని కూర్సునేది." చిన్నబ్బ ఔనన్నాడు. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని బావురుమన్నారు.

అది చితి పక్కన పెట్టిన కట్టెల మోపని సారంగపాణి చెప్పలేదు.