కొప్పుసూది కేసు

"నేరస్థుడు ఎంత గండరగండడైనా ఒక్క తప్పు చేసి తీరతాడు సలీహా! ఈసారి వాడు చేసిన తప్పేంటో తెలుసా? ఈ తిజానీ బతికున్న ఊళ్ళో దొంగతనానికి దిగడం!"

తవ్వకాల షెడ్డు ముందు తిజానీ చేసిన ఈ ప్రకటనను విన్నవాళ్ళు ఇద్దరే. ఒక మేక, అతని భార్య సలీహా. మేక నమలడం ఆపింది. సలీహా పళ్ళాలు తుడవడం ఆపలేదు.

తిజానీ ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊరవతల బయటపడిన రోమన్ స్నానశాలకు కాపలాదారుగా అతన్ని తవ్వకాలవాళ్ళు పెట్టుకున్నారు. డిటెక్టివుగా మాత్రం తనను తానే నియమించుకున్నాడు.

పోయింది ఒక కొప్పుసూది. రెండువేల ఏళ్ళ కిందట ఏ ఇల్లాలి జుట్టులోంచి జారిందో, స్నానశాల కాలవలో పడి మట్టిముద్దలో ఇరుక్కుంది. ఎముకతో చెక్కింది. కొసన గోరంత ఆడమొహం. తడి ఆరితే చిట్లిపోతుందని ముద్దతో సహా గిన్నెలో ఉంచి, తడిబట్ట కప్పమంది తవ్వకాలు చూసే నజీహా. దొరికిన పెంకులు కడిగి దాచే పని సలీహాది. గురువారం సాయంత్రం ఆమె అలాగే పెట్టి తాళం వేసింది. శుక్రవారం పొద్దున చూస్తే గిన్నె ఉంది, ముద్ద లేదు.

"సాయంత్రంలోగా దొరక్కపోతే పైకి రాయాలి పిన్నీ. రాస్తే నిన్ను తీసెయ్యమంటారు. నా చేతుల్లో ఏమీ లేదు" అంది నజీహా, మొహం చూడలేక.

సలీహాకు యాభై రెండేళ్ళు. పెళ్ళికాగితం తర్వాత ఆమె పేరు ఎవరైనా సిరాతో రాసింది ఇక్కడే. ప్రతి పెంకు చీటీ మీదా 'కడిగినవారు: సలీహా' అని ఉంటుంది. ఆ చీటీల్ని ఆమె ఎవరూ చూడనప్పుడు చదువుకుంటుంది.

"నిన్న షెడ్డులోకి ఎవరెవరు వచ్చారు?" కళ్ళు చికిలించి అడిగాడు తిజానీ.

"నేను. తాళం వేసేలోగా నా హమ్మాం స్నానం బకెట్టు సర్ది మోసుకురావడానికి నువ్వు. అంతే."

"అంటే అనుమానితురాలివి నువ్వొక్కతివే!"

సలీహా తడిగుడ్డ వైపు చూసింది. తిజానీ రెండడుగులు వెనక్కి వేసి, మట్టి తవ్వే ముక్దాద్ మీద పడ్డాడు.

"నిన్న నీ దగ్గర ఒక ఎముక ఉందని సాక్ష్యం ఉంది. ఒప్పుకో!"

"ఉంది బాబాయ్. కుస్కుసు భోజనంలో వచ్చింది. గొర్రెది."

"ఇప్పుడెక్కడుంది?"

"కుక్క దగ్గర. అడిగి చూడు, ఇస్తుందేమో."

అప్పుడే తడినేల మీద చెప్పు గుర్తులు కనబడ్డాయి తిజానీకి. ఎడమ మడమ అరిగిన చెప్పు! "దొరికాడు! కుంటివాడు, బరువైనవాడు, పిరికివాడు" అంటూ వంగి వాటి వెంటే నడిచాడు. గుర్తులు గోడ చుట్టూ తిరిగాయి. అతనూ తిరిగాడు. రెండో చుట్టులో గుర్తులు రెట్టింపయ్యాయి.

"వీడికి ముఠా ఉంది!" అని అరిచాడు.

మూడో చుట్టులో, తన ఎడమ చెప్పు మడమ తిప్పి చూసుకుంటూ, పూర్వం స్నానశాలను వేడి చెయ్యడానికి నేలకింద మంట పెట్టిన గుంటలో పడ్డాడు. మొన్నటి వాన నీళ్ళు ఇంకా ఇంకలేదు. ముక్దాద్ చెయ్యిచ్చి లాగితే, కళ్ళు తప్ప అంతా బురదే బయటికొచ్చింది.

ఇంటి గడపలోనే ఆపేసింది సలీహా. "ఈ అవతారంతో లోపలికొస్తే నీ కేసు నేను తేలుస్తాను. ఐదింటి నుంచి ఊరి హమ్మాంలో మగవాళ్ళ వంతే. పో." తన బకెట్టు తెచ్చి చేతిలో పెట్టింది. గురువారం చుట్టాలు రావడంతో ఆమె వెళ్ళనే లేదు. ఒళ్ళు రుద్దే సంచి, దువ్వెన, గుడ్డలో చుట్టిన తఫల్ మట్టి అలాగే ఉన్నాయి. "ఆ మట్టి తలకు బాగా రుద్దుకో. ఉన్న నాలుగు వెంట్రుకలైనా శుభ్రపడతాయి."

ఆరు కావస్తుండగా నజీహా పైకి పంపాల్సిన కాగితం పట్టుకుని వచ్చింది. గడపలోనే నిలబడింది. సలీహా కూర్చోమంది. టీ పెట్టింది. రెండు గ్లాసుల్లోనూ టీ చల్లారిపోతోంది.

"సంతకం ఎక్కడ పెట్టాలమ్మా?" అంది చివరికి సలీహా.

అప్పుడు వీధి చివర గోల. నడుముకు గళ్ళ తువ్వాలుతో, తలంతా మట్టితో తిజానీ పరుగెత్తుకొస్తున్నాడు. వెనక పిల్లలు, వాళ్ళ వెనక మేక. అతని బట్టతల మీది మట్టిలో, చెవి పైన ఏటవాలుగా, తెల్లటి సూది నిలబడి ఉంది. కొసన గోరంత ఆడమొహం ఎంతో హుందాగా వీధిని చూస్తోంది.

"కదలకు బాబాయ్!" నజీహా ఊపిరి బిగబట్టి, రెండు వేళ్ళతో తీసి, తడిబట్టలో పడుకోబెట్టింది. చిన్న పగులైనా లేదు.

"రుద్దుకుంటుంటే నెత్తిన పొడిచింది! నేను ఊహించినట్టే!" అన్నాడు తిజానీ. "నేరస్థుడు మహా మాయావి. సూది ఉన్న ముద్దను తఫల్ మట్టిలా మా ఆవిడ బకెట్లో దాచాడు. వాడికి మన ఇంటి అలవాట్లన్నీ తెలుసు. గురువారం హమ్మాం రోజని తెలుసు, గిన్నెలో నానే మట్టి తలకేనని తెలుసు..."

"గురువారం నా బకెట్టు సర్దిందెవరు?" అంది సలీహా.

తిజానీ గడ్డం మీంచి ఒక బురదచుక్క జారిపడింది.

"...దర్యాప్తు ఇంకా సాగుతోంది" అన్నాడు.

నజీహా తాను తెచ్చిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, సంచిలోంచి కొత్త చీటీ తీసింది. దొరికిన చోటు అన్న దగ్గర కాసేపు ఆలోచించి 'స్నానశాల' అని రాసింది. అబద్ధమేమీ లేదు. దాని కింద రాయబోతుంటే సలీహా మెడ చాచి చూసింది.

'కడిగినవారు: సలీహా.'

"అదేంటి?" తిజానీ గొంతు లేచింది. "న్యాయంగా చూస్తే దాన్ని కడిగింది నేను కదా!"

"నువ్వు ముందు తల కడుక్కో, పో" అంది సలీహా, చీటీ సిరా ఆరేలా మెల్లగా ఊదుతూ.