గవ్వలు మాత్రం వద్దండి

తెనాలిలో హెలెన్ చేసిన కేకు కోయకుండా పుట్టినరోజులు జరుపుకునే చర్చి కుటుంబాలు తక్కువ. పొద్దున్నుంచీ చేతులు పిండిలోనే ఉంటాయి కనుక ఆమె ఫోను ఎత్తదు. ఇంటర్నెట్ ఫోను సర్వీసులో వాయిస్ మెయిల్ ఉండేది. జనం తమకు కావలసింది చెప్పి పెట్టేస్తే మధ్యాహ్నం తీరిగ్గా వినేది. ఆ సోమవారం సర్వీసువాళ్ళు ఆ సదుపాయం ఎత్తేశారు. ఎందుకో చెప్పలేదు. టిఫిన్ వేళకల్లా వేరే కంపెనీకి మారిపోవాలని హెలెన్ నిశ్చయించుకుంది.

నంబరు మారకుండానే పని ఇట్టే అయిపోయింది. ఇక ఫోను చేసినవాళ్ళకి వినిపించే పలకరింపు రికార్డు చేయడమే మిగిలింది. ఎర్ర బటన్ నొక్కింది. ఏ చప్పుడూ రాలేదు. ఈలోగా బాపట్ల ఆఫీసుకి బయల్దేరుతున్న భర్త అజయ్ బాబు వంటింట్లోకి తొంగిచూశాడు.

"అమ్మ పంపిన బెల్లం గవ్వలు బాక్సులో పెట్టావా?"

"లేదండి. పాకం ముదిరి రాళ్ళైపోయాయి. రోకలితో కొట్టినా విరగలేదు."

"మా అమ్మ గవ్వల్ని అంతమాటంటావేంటి? ఆ చేతి రుచి ఇంకెవరికైనా వస్తుందా?"

"రుచి తెలియాలంటే ముందు పన్ను దిగాలి కదండీ!"

అతను మూతి ముడుచుకుని రైలుకి వెళ్ళిపోయాడు. హెలెన్ మళ్ళీ బటన్ నొక్కి, గొంతు సవరించుకుని, "వందనాలండి, మీ ఆర్డరు చెప్పండి" అంది తీయగా. పలకరింపు సేవ్ అయిందని ఫోను చూపించింది. మొదటిసారి నొక్కినప్పుడే రికార్డింగు మొదలైందనీ, రెండోసారి నొక్కగానే ఆగిపోయిందనీ పాపం ఆమెకి తెలియదు.

మధ్యాహ్నం చూస్తే బోలెడు మెసేజీలు. మొదటిది చర్చి పాటల బృందంలోని పుష్పలతది. చాలాసేపు నవ్వి, "మళ్ళీ చేస్తాలే హెలెన్" అని పెట్టేసింది. తర్వాత చేబ్రోలు నుంచి జనార్దనరావు గారు.

"అమ్మా, మా మనవరాలి పుట్టినరోజుకి కేజీ కేకు కావాలి. గవ్వలు మాత్రం వద్దండి."

గవ్వలేంటి? తనెప్పుడూ గవ్వలు అమ్మలేదే! కొల్లూరు నుంచి ఎవరో పెద్దాయన, "కేకుతోపాటు రోకలి కూడా మీరే ఇస్తారా తల్లీ?" అని మర్యాదగా అడిగాడు. మిఠాయి కొట్టు మెసేజీలు గానీ తన నంబరుకి వచ్చిపడుతున్నాయా? హెలెన్ కొత్త సర్వీసువాళ్ళకి ఫోను చేసింది.

"లోపమేం లేదండి మేడమ్," అంది అవతలి అమ్మాయి నవ్వు ఆపుకుంటూ. "ఇప్పుడే చూశాం. మా ఆఫీసులో అందరూ విన్నారండి. వేరే ఫోను నుంచి మీరూ ఒకసారి చేసి వినండి."

పక్కింటి ఫోను అడిగి తెచ్చి వింది. రోకలి దగ్గరికి వచ్చేసరికి చెవులు వేడెక్కాయి. గబగబా ఆ పలకరింపు చెరిపేసి, ఎవరెవరు ఫోను చేశారో చూసింది. రేపల్లె నుంచి అత్తగారు వరమ్మ. అదీ ఒకసారి కాదు, వరసపెట్టి!

తిరిగి ఫోను చేసే ధైర్యం చాలక గుమ్మంలోకీ వంటింట్లోకీ తిరుగుతుండగా ఆటో ఆగింది. సంచీతో వరమ్మ దిగింది.

"అత్తయ్యా, అదీ... నేను కావాలని..."

"ముందు మంచినీళ్ళివ్వమ్మాయ్. ఆ గవ్వలు నేను చేసినవి కాదు. చేతులు సహకరించక నిరుడే మానేశా. బజార్లో కొని పంపుతున్నా. అబ్బాయి మనసు కష్టపెట్టుకుంటాడని చెప్పలా."

"మరి అన్నిసార్లు ఫోనెందుకు చేశారత్తయ్యా?"

"మొదటిసారి నిన్ను పలకరిద్దామనే చేశా. నీ మాటలు వినపడ్డాయి. తిన్నగా కొట్టుకెళ్ళి అడిగితే, గవ్వలు బంగారంలా ఉన్నాయంటాడు కొట్టువాడు! అక్కడే ఫోను కలిపి వినిపించా. కొట్లో జనం మళ్ళీ పెట్టు, మళ్ళీ పెట్టు అన్నారు. చివరికి దండం పెట్టి ఈ జంతికలు ఇచ్చాడు. తినమ్మా, ఇవి విరుగుతాయి."

హెలెన్ ఒకటి కొరికింది. నిజమే, విరిగింది. అప్పటిదాకా బిగబట్టిన నవ్వు కూడా బయటపడింది. వెంటనే బాపట్లకి ఫోను కలిపితే వరమ్మ లాక్కుంది.

"ఏరా, ఆ చేతి రుచి ఇంకెవరికీ రాదా?"

ఆ రోజు ఆఫీసులో పని ఎక్కువగా ఉందని అజయ్ బాబు చివరి రైలుకి వచ్చాడు.