నోరీన్ దొంగిలించిన ప్రసంగం

ఆ గురువారం నోరీన్ గిల్‌హూలీ వేసుకున్న పథకం చిన్నదే. చర్చిలో ఉదయపు పూజకు వెళ్లిరావడం, పంది మాంసం పొయ్యి మీద పెట్టడం, బస్సెక్కి విశ్వవిద్యాలయానికి వెళ్లి తన ఆఖరి కథకు ఎన్ని మార్కులొచ్చాయో చూసుకోవడం. ఆ కథ గట్టెక్కితే, అరవై దాటిన వయసులో ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా చేతికొస్తుంది. మంట తగ్గించే బాధ్యత మొగుడు డెక్లన్‌ది.

"పట్టా వచ్చాక కూడా నిన్ను పేరు పెట్టి పిలవొచ్చా, మేడమ్ గారూ అనాలా?" అన్నాడు డెక్లన్.

"ముందు కుండ మాడకుండా చూడు. ఆ తర్వాత ఏమని పిలిచినా పలుకుతాను."

ఇంగ్లీషు శాఖలో మార్కులకు బదులు ఇద్దరు మనుషులు ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. కథారచన నేర్పే డాక్టర్ ఓర్లా హెనెబ్రీ, నిబంధనలు చూసే ప్రొఫెసర్ టైర్నన్. కాపీలు పట్టే కంప్యూటరు నోరీన్ కథను పట్టుకుందట. ఒక వితంతువు, ఆమె గొడుగు గురించి రాసిన ఆ కథలో ముప్పాతిక భాగం, ఆమె వెళ్లే చర్చి వెబ్‌సైటులో అక్కడి ఫాదర్ మల్కహీ ప్రసంగంగా అప్పటికే ఉందట. నేరం రుజువైతే పట్టా మీద ఆశ వదులుకోవలసిందే.

ఆ ప్రసంగం రాసింది నోరీనే మరి. ఫాదర్ మల్కహీ దేవుడిలాంటి మనిషి. రోగి పిలిచాడంటే తినే కంచం ముందు నుంచి లేచిపోతారు. కలం పట్టుకుంటే మాత్రం అంతే సంగతులు. ఆయన సొంతంగా రాసుకున్న ప్రసంగాలకు భక్తులేం ఖర్మ, గోడ మీది పునీతులు కూడా కునుకు తీసేవారు. ఒకనాడు "కాస్త కామాలు సరిచేసి పెట్టమ్మా" అని ఆమె చేతికిచ్చారు. కామాలు వాక్యాలయ్యాయి, వాక్యాలు ప్రసంగాలయ్యాయి. ఎవరికీ చెప్పనని నోరీన్ మాటిచ్చింది. 'మీకు తెలిసిందే రాయండి' అని క్లాసులో చెప్పినప్పుడు, తన వాక్యాలే కదా అని తీసి కథలో పెట్టుకుంది. తన పెరట్లో ఉల్లికాడలు కోసుకోవడానికి ఎవరి అనుమతి కావాలి?

మాట తప్పడం పాపమా, నిజం దాచడం పాపమా అని లోలోపల దేవుణ్ణి అడిగింది. ఆయన ఎప్పటిలాగే, నువ్వే ఆలోచించుకో అన్నట్టు ఊరుకున్నాడు.

"ఫాదర్‌కూ నాకూ ఒకే ఆలోచన వచ్చిందండీ," అంది చివరకు.

"అక్షరం పొల్లుపోకుండానా?"

"పవిత్రాత్మ అందరికీ ఒక్కటే కదండీ."

ప్రొఫెసర్ టైర్నన్ గబగబా రాసుకున్నారు. "అంటే మూడో మనిషి సాయం కూడా తీసుకున్నారన్నమాట. అది వేరే నేరం."

సొత్తు పోయిన మనిషిని పిలవక తప్పదని ఫాదర్‌కు ఫోన్ చేశారు.

"ఫాదర్, మీ చర్చిలో దొంగతనం జరిగింది."

"అయ్యో! కానుకల పెట్టె పోయిందా?"

"కాదండీ, ప్రసంగం."

"ప్రసంగమా? దాన్నెవరు పట్టుకుపోతారండీ, ఊరికే ఇస్తేనే వినరు!"

ఫాదర్ తోటపని బూట్లతోనే పరుగెత్తుకొచ్చారు. కుర్చీలో ముడుచుకుని కూర్చున్న నోరీన్‌ను చూడగానే సంగతి అర్థమైంది. ఆయన మొహం ఎర్రబడింది.

"ఈ తల్లిని ఎందుకండీ ఏడిపిస్తారు? ఆ మాటలన్నీ ఈవిడవే. నేను ఒక్క ముక్క కూడా రాయలేదు."

డాక్టర్ హెనెబ్రీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూశారా ప్రొఫెసర్? బైబిల్లో చెప్పినట్టే అంగీ లాక్కున్నవాళ్లకు పైబట్ట కూడా ఇచ్చేస్తున్నారు!"

"ఇవ్వడమేంటమ్మా? నాకు రాయడం రాదు మొర్రో అంటుంటే!"

"మంచి రచయితలంతా ఆ మాటే అంటారు."

"కామా ఎక్కడ పెట్టాలో కూడా తెలీదండీ బాబూ!"

"ఆ ఆగని ప్రవాహమే కదండీ మీ బలం!"

నోరీన్ ఫాదర్ చొక్కా చేయి పట్టి లాగింది. "వద్దు ఫాదర్, ఊరుకోండి."

"పాపం, పశ్చాత్తాపంతో ఎలా కుమిలిపోతోందో!" అన్నారు ప్రొఫెసర్ టైర్నన్.

సాహిత్యం బాగా చదువుకున్నవాళ్లతో ఇదొక చిక్కు. మాట వెనక ఉన్నదంతా వాళ్లకు వినిపిస్తుంది, మాట తప్ప.

చివరకు తీర్పు చెప్పారు. ఫాదర్ క్షమించారు కాబట్టి నోరీన్‌ను వెళ్లగొట్టరు. ఆమె కొత్త కథ రాయాలి. ఫాదర్ మల్కహీ ఈ టర్ము అతిథి రచయితగా వచ్చి పాఠాలు చెప్పాలి. నోరీన్ కథకు మార్కులు వేయవలసిందీ ఆయనే.

"అంటే నీ దగ్గర నేర్చుకున్నది ఆయన నీకే నేర్పుతాడన్నమాట," అన్నాడు డెక్లన్, నల్లబడిన కుండ గీకుతూ. "చదువంటే ఇదా? తెలీక ఇన్నాళ్లూ వడ్రంగం చేశాను."

అప్పటి నుంచి ప్రతి వారం నోరీన్ రెండు రాసేది: ఒకటి ప్రసంగం, రెండోది పాఠం. బుధవారం క్లాసులో ముందు వరుసలో కూర్చుని, తన పాఠమే వింటూ రాసుకునేది. ఫాదర్ ఆమెకేసి చూడకుండా గోడకేసి చూసి చదివేవారు. ఆ చూపులో ఎంత లోతుందో అని పిల్లలు చెప్పుకునేవారు.

టర్ము చివర ఆమె కొత్త కథ చదివి ఫాదర్ ఆమె వంటింట్లోనే కూర్చుని ఏడ్చారు. మార్కుల కాగితం మాత్రం ఆమెకే ఇచ్చారు. "ఇదొక్కటీ రాసిపెట్టమ్మా. ఎలా రాస్తారో నాకు తెలీదు."

తన కథకు తానే మంచి మార్కులు వేసుకోవడం పది ఆజ్ఞల్లో దేని కిందకు వస్తుందో నోరీన్‌కు తేలలేదు. ప్యాసుకు సరిపోయే నలభై వేసుకుని, 'నిరాడంబరంగా ఉంది. ఇంకా సాధన అవసరం' అని రాసి ఫాదర్‌కు పంపింది. అది చూసి ఆయనకు మనసు ఒప్పలేదు. జన్మలో మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా కలం తీశారు. నలభై కొట్టేసి ఎనభై వేశారు. కింద, 'చాలా బాగుంది నిజంగా ఏడ్చాను ఈ అమ్మ నాకంటే వెయ్యి రెట్లు నయం' అని రాసి, తానే తీసుకెళ్లి ఇంగ్లీషు శాఖ టపా పెట్టెలో వేసివచ్చారు.

వారానికి జవాబు వచ్చింది. నోరీన్‌కు పట్టా ఖాయమైంది, నలభై మార్కులతో. ఆ కాగితం మీద తర్వాత ఎవరో చేర్చిన దొంగ మార్కులనూ, దొంగ వాక్యాన్నీ తాము లెక్కలోకి తీసుకోలేదనీ, ఆ వాక్యం ఫాదర్ మల్కహీ శైలి కాదని చదువుకున్నవాళ్లెవరికైనా ఇట్టే తెలిసిపోతుందనీ డాక్టర్ హెనెబ్రీ రాశారు.