‘అనుకుంటే’ మీద మాగ్నెట్

లోకేష్ జీతం నెలకు నాలుగువందల డాలర్లు పెరిగిందని సోమవారం పొద్దున్నే మెయిల్ వచ్చేసరికి దేదీప్య దోసె తిరగేస్తోంది. ఆ దోసె మాడింది. పెళ్ళయిన ఐదు నెలల్లో ఇద్దరూ నవ్వుతూ తిన్న మొదటి మాడు దోసె అదే.

ఆ పూటే బడ్జెట్ వేసింది. అద్దె, కారు, కిరాణా, సినిమాకి ముప్పై. సేవింగ్స్ మాత్రం గులాబీ రంగు పెన్నుతో. అట్టడుగున, వీసా మీద ఉన్నవాళ్ళు పైకి అనని వరుస ఒకటి: ‘ఉద్యోగం పోయింది అనుకుంటే – 60 రోజులు’. ఆ అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే పెట్టెలు సర్దుకుని దేశం వదలాలి. కాగితాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, హనీమూన్‌లో కొన్న నయాగరా మాగ్నెట్ తగిలించింది. అది సరిగ్గా ‘అనుకుంటే’ మీద కూర్చుంది.

ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చిన మామగారు సాంబశివరావు పెరుగు కోసం వచ్చి కాగితం చదివాడు. పెరుగు తీసుకోలేదు. పిల్లలు తమంతట తాము చెప్పేదాకా అడగకూడదనుకున్నాడు. వాకింగ్‌లో తోడొచ్చే పరంధామయ్యకి మాత్రం, ఎవరికీ చెప్పవద్దంటూ సంగతి చెప్పాడు. పరంధామయ్య అదే షరతు మీద తన అల్లుడు రఘుకీ, ప్లెయిన్స్‌బరో ఊళ్ళో తామంతా ఉండే అపార్ట్‌మెంట్లలో మిగిలిన తెలుగువాళ్ళందరికీ చెప్పాడు.

మర్నాటి నుంచి గుమ్మంలోకి పులిహోర, సాంబారు, సగం వాడిన బియ్యం బస్తా రాసాగాయి. మనవాళ్ళది ఎంత మంచి మనసని మురిసిపోయి దేదీప్య కిరాణా సగానికి తగ్గించి, సేవింగ్స్ పెంచింది. కొడుకు గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుంటే, ఉద్యోగం వెతుక్కుంటున్నాడనుకుని సాంబశివరావు కాఫీ మానేశాడు. హీటర్ తగ్గించి ఇంట్లో కోటుతో తిరిగాడు.

గురువారం ఎదురింటి లీలావతి ఇడ్లీలు తెచ్చి దేదీప్య చెయ్యి పట్టుకుంది. "ఏడవకమ్మా. మావారికి రెండుసార్లు పోయింది."

"ఏం పోయింది ఆంటీ?"

"జాబ్. పరంధామయ్యగారు చెప్పారులే."

ఇంటి నుంచే పని చేస్తున్న లోకేష్ వచ్చి, ఎవరు చెప్పారంటే తండ్రి ఫ్రిజ్ మీది కాగితం వైపు వేలు చూపించాడు; లోకేష్ మాగ్నెట్ పక్కకి జరిపి అసలు వరుస చూపించాడు.

"ఒక్క మాట నన్నడగొచ్చుగా నాన్నా?"

"పోయినదాని గురించి ఏమని అడగనురా?"

అందరికీ ఫోన్ చేసి, పోలేదని చెప్పమన్నాడు లోకేష్. తండ్రి కళ్ళజోడు వెతుక్కునేలోపే లాప్‌టాప్ మోగింది. హెచ్ఆర్‌తో మీటింగ్. పావుగంటలో అయిపోయింది. అతని టీమ్ మొత్తాన్ని తీసేశారు.

"అరవై రోజులు," అన్నాడు బయటికొచ్చి. దేదీప్య లెక్క చూసింది. దాచింది పదకొండు రోజులకు సరిపోతుంది, ఇడ్లీలతో కలిపి పన్నెండు.

అప్పుడు రఘు ఫోన్ చేశాడు. "ఏమనుకోకు బ్రదర్, జాబ్ పోయిందని తెలిసి మంగళవారమే నీ ప్రొఫైల్ మా మేనేజర్‌కి ఫార్వర్డ్ చేశా. రేపు పదింటికి ఇంటర్వ్యూ."

లోకేష్ ఫోన్ పెట్టేసి ఆ మాటే ఇద్దరికీ చెప్పాడు.

"తొమ్మిదింటికి బయల్దేరదాం. నేనూ వచ్చి కార్‌లో కూర్చుంటా," అన్నాడు సాంబశివరావు. "ఈసారి ఎవరికీ చెప్పను."

"చెప్పు నాన్నా. అందరికీ చెప్పు."

దేదీప్య మాగ్నెట్‌ని మళ్ళీ ‘అనుకుంటే’ మీదికే జరిపింది. ఇప్పుడు కాగితంలో తప్పేమీ లేదు.