గవ్రిల్ తిన్న తోడు

బకావు పట్నంలో ఉన్న సఫ్తా మరిది నెల్లాళ్ళు గోధుమ పొట్టు తిన్నాడట. రక్తంలో కొవ్వంతా మంచులా కరిగిపోయిందట. పక్కింటి సఫ్తా కంచె మీంచి వేసిన ఈ కబురును ఇలింకా పొయ్యి దగ్గర నవ్వుతూ భర్తకు చెప్పింది. గవ్రిల్ నవ్వలేదు.

అతని రక్తంలో కొవ్వు పెరిగిందని డాక్టరమ్మ అప్పటికే చెప్పింది. పోయినేడు అతని అన్న దున్నుతూ దున్నుతూ గుండె పట్టుకుని సాల్లోనే కూలిపోయాడు. ఆ భయం ఉంది. అటక మీద పొగబెట్టి వేలాడదీసిన పందికొవ్వు మీద మమకారమూ ఉంది. సంగతి తెలిస్తే ఇలింకా అటకకు తాళం వేస్తుంది. పొట్టు తింటే ప్రాణమూ, పందికొవ్వూ రెండూ దక్కుతాయనుకున్నాడు.

మర్నాటి నుంచి గుట్టుగా పెరుగులో పిడికెడు పొట్టు. ఇంట్లో ఉన్న పొట్టు సంచీ ఖాళీ అయ్యాక కొట్టుగదిలో జాడీ కనబడింది, అడుగున పులిసిన పొట్టుతో. అది బోర్ష్ అనే పుల్లటి పులుసు పులియడానికి వేసే తోడు. అత్తగారు చేతికిచ్చింది మొదలు ఇలింకా ప్రతిసారీ కాస్త మిగిల్చి కాపాడుకొస్తున్నది. గవ్రిల్ దాన్ని గరిటెతో లాగించేశాడు.

గవ్రిల్ అన్న సంవత్సరీకానికి పులుసు పెట్టబోయి ఇలింకా జాడీ మూత తీసి, ఖాళీగా ఉండటం చూసి కంచె దగ్గరికి పరుగెత్తింది.

"సఫ్తా! జల్లెడ కోసమని వచ్చి నా తోడు ఎత్తుకుపోయావుటే?"

"నీ కుళ్ళు పొట్టు నాకెందుకే? మా ఇంట్లో లేకనా?"

గవ్రిల్ నిజం చెప్పేవాడే. కడుపు చెప్పనివ్వలేదు. పెరటి మరుగుదొడ్డికి పరుగెత్తాడు, వచ్చాడు, మళ్ళీ పరుగెత్తాడు.

"చూశారా! కట్టుకున్నవాడికే ఏదో పెట్టేసింది. రేపు మనకేం పెడుతుందో!" అని సఫ్తా వీధికంతా వినిపించింది. పొద్దుగూకేసరికి సంవత్సరీకం భోజనానికి రాలేమని చెప్పినవాళ్ళే ఎక్కువయ్యారు. అన్న పేరున పెట్టే అన్నం ముట్టేవాళ్ళు ఉండరేమోనని గవ్రిల్‌కు దిగులు పట్టుకుంది.

ఇలింకా మొగుణ్ణి రెక్క పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. తన మీద పడ్డ నింద తేల్చుకోవాలని సఫ్తా వెనకే వచ్చింది. ఇద్దరాడవాళ్ళ మధ్యా నిలబడి గవ్రిల్ అంతా ఒప్పుకున్నాడు. డాక్టరమ్మ అతని వేలు పొడిచి, రక్తపు చుక్కను చిన్న యంత్రంలో చూసింది.

"కొవ్వు వీసమెత్తు తగ్గలేదు బాబాయ్. గోధుమ పొట్టులో పీచు నీళ్ళలో కరిగేది కాదు. పేగుల్ని ఊడ్చుకుంటూ పోతుంది. అంత తింటే పరుగులూ పెట్టిస్తుంది. రక్తం జోలికి మాత్రం పోదు. కరిగే పీచున్న ఓట్స్ తిను, చిక్కుడు గింజలు తిను. ముందు ఆ పందికొవ్వు మానెయ్."

గవ్రిల్ ఆశ చావక అడిగాడు. "పోనీ, పొట్టే ఇంకాస్త ఎక్కువ తింటేనో?"

ఇలింకా అతని వంక తిరిగింది.

"మన పందికి ఏడాది పొడుగునా అదే పెట్టాను. క్రిస్మస్‌కు కోసినప్పుడు దాని కొవ్వు నాలుగు వేళ్ళ మందం ఉందని మురిసిపోయింది నువ్వే కదయ్యా!"